కవరు బరువు

సండర్లాండ్ రేవులో పొద్దు వాలేసరికి
హెర్రింగ్ చేప తన ధర తానే దించుకుంటుంది.
ఆరు పెన్నీలు, నాలుగు, మూడు...
చీకటి పడేలోగా బుట్ట ఖాళీ.

ఆ చేపనే ఉదాహరణగా చూపించాడు ఉపన్యాసకుడు,
ముప్పై ఒకటో సంవత్సరం, మెకానిక్స్ హాల్లో.
నల్లబల్ల మీద రెండు గీతలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ.
"ఇవి కలిసే చోట పనిలేనివాడంటూ ఉండడు.
కూలిని దిగనివ్వండి, అంతే."

నేను ఓడల యార్డులో జీతాల గుమస్తాని.
శుక్రవారం శుక్రవారం
గోధుమరంగు కవర్లలో నాణేలు లెక్కపెట్టి వేసేవాణ్ణి.
ఒకప్పుడు తొమ్మిది వందల కవర్లు.
ఆ వారానికి డెబ్బై నాలుగు.
ఒక్కో కవరు బరువు మాత్రం
వీసమెత్తు తగ్గలేదు.

కత్‌బర్ట్ రెయిన్ లేచాడు.
రివెట్లు కొట్టి కొట్టి సగం చెవుడు,
అందుకే గొంతు హాలుకంటే పెద్దది.
"షిల్లింగు తగ్గించండి, తీసుకుంటాను.
ప్లేటర్లకూ తగ్గించండి మరి.
పక్క బుట్టలో కాడ్ ఎంతకు పోయిందని
చేప అడగదు, దొరా.
నేనడుగుతాను."

వెనక వరసలోంచి హెస్టర్ థర్ల్‌వెల్,
ఒళ్లో పిల్ల నిద్రపోతోంది కనుక మెల్లగా:
"కూలి దిగితే మా ఇంటద్దె దిగుతుందా?
కొట్టువాడి పద్దులో నిరుడు రాసిన పౌనున్నర
ఈ ఏడూ పౌనున్నరే కదా.
అందరి కవర్లూ పలచనైతే
ఆ కొట్లో రొట్టె కొనేదెవరు?"

ఉపన్యాసకుడు సుద్దముక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

నేను లేవలేదు.
లేస్తే చెప్పాల్సి వచ్చేది,
మేనేజరు నన్ను పిలిచి అడిగిన మాట:
అందరికీ పదో వంతు కొయ్యడమా,
ముప్పై మందిని పంపెయ్యడమా?
కోత పడ్డవాడు రోజూ లోపలే ఉండి మూలుగుతాడు,
సుత్తి కూడా మూలుగుతుంది.
గేటు బయటివాడి మూలుగు
యార్డులోకి వినబడదు.
జాబితా నేనే రాశాను.
కత్‌బర్ట్ పేరు పదిహేడోది.
నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు.

తర్వాత కొత్త పుస్తకాలొచ్చాయి.
తప్పు కూలిది కాదు, ఓడ అడిగేవాడే లేడన్నారు కొందరు.
కాదు, కూలి బంకలా పట్టుకుందన్నారు మరికొందరు.
బంక ఎవరి వేళ్లకుందో
ఎవరూ నన్ను అడగలేదు.

కొన్నేళ్లకు బూడిదరంగు ఓడలు కావాలన్నారు.
మళ్లీ తొమ్మిది వందల కవర్లు.
అదే బరువు, అదే రంగు,
రొట్టె మాత్రం ఒక పెన్నీ పెరిగింది.
ఎదురుగా నిలబడి అడిగితే ఇవ్వని షిల్లింగు
వెనకనుంచి ఎవరో తీసుకుపోయారు,
సమ్మె లేదు, గొడవ లేదు.

"మోసపోయావు కత్‌బర్ట్" అన్నాను కిటికీలోంచి.
"తెలుసులే" అన్నాడు కవరు విదిలిస్తూ.
"ఈసారి ప్లేటరుదీ తేలికైంది."

ఆ జాబితా సంగతి అతను అడగలేదు.
ఇంటికెళ్తూ రేవులో ఆగాను.
మూడు పెన్నీలన్నాడు.
బేరమాడలేదు.