పదమూడు వందలా, పదహారు వందలా

జయపురంలో మెయిన్ రోడ్డు మీద కాదు,
ఇనుప సామాన్ల సందు చివర
నాన్న వదిలివెళ్ళిన బోరింగ్ మెషిన్ నాది.
బోర్డు మీద ఒడియాలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు,
రెండిట్లోనూ ఒక్కో అక్షరం తప్పు.

తెల్లారకముందే వచ్చాడు తవిటినాయుడు.
కారు వెనకద్దం మీద మాత్రం టీ.ఎన్. రేసింగ్.
పాత ఎస్టీమ్, సున్నం రంగు,
కుడి తలుపు ఇంకేదో కారుది.
"అక్కా, పొట్టంగి ఘాటీలో
దామన్‌జోడి లారీ ఎనకాల పడితే
సెకండ్ గేర్లో ఏడుస్తాది.
పెద్దది కట్టాల. ఎంత పెద్దదైతే అంత."

ఎంత పెద్దదైతే అంత.
ఈ షెడ్డులో ఆ మాట అన్నవాళ్ళ పిస్టన్లు
కొన్ని ఇక్కడే ఉన్నాయి.
ఒకదాంట్లో పెన్నులు పెట్టుకుంటాను,
ఒకటి బిల్లుల మీద బరువు.

బ్లాకు డీజిలుతో కడిగి గేజ్ దింపాను.
"ఇదే ఇంకా తొలిస్తే గోడ పల్చబడతాది నాయుడూ.
గోడకి ఇవతల నిప్పు, అవతల నీళ్ళు.
ఆయిలు మజ్జిగలా తేలిన రోజున
నా గుమ్మంలోనే కూచుంటావు."

"అయితే పదహారు వందలది."
విజయనగరం స్క్రాపులో చూసొచ్చాడట,
ముందు సగం నుజ్జయిన బెలీనో.
మనుషుల సంగతి అడగలేదు నేను,
ఇంజను బతికే ఉందన్నాడు.
ముప్పై ఎనిమిది వేలు. గేర్ బాక్సు వేరే.

మూల స్టూలు మీద గవరయ్య తాత.
సునాబెడలో విమానం ఇంజన్ల దగ్గర
ముప్పై ఏళ్ళు, ఒక చెవి ఇచ్చి వచ్చాడు.
రెండో చెవి మావైపు తిప్పి
"పెద్దదంటే ఎటు పెద్దది?" అన్నాడు.

ఎవరం అడగని మాట.
సుద్దతో నేల మీద గీశాడు:
వెడల్పులో తేడా ఒక్క మిల్లీమీటరు.
లోతులో
పధ్నాలుగున్నర.

నాన్న పోయిన నెలలో
ఆడమనిషి ఏం తిప్పుతాదిలే అని
మెషిన్ బేరమాడ్డానికి వచ్చినవాళ్ళు గుర్తొచ్చారు.
అందరూ నా వెడల్పే కొలిచారు.

"బ్రేకులకి ఎంత ఉంచావు?" తాత మళ్ళీ.
నాయుడు ఫోన్ వైపు చూశాడు.
"ఎక్కినోడు సాలూరు దిగాల గదరా."
టవర్లకి డీజిలు పోసే జీతం వాడిది.
ఆ పూట లెక్క తేలలేదు.
టీ తాగకుండానే పోయాడు.

నెలా పది రోజులకి
ఆటోలో గోనెపట్టాల మీద వచ్చింది ఇంజను,
దానికంటే ముందు వచ్చాయి బ్రేకు డిస్కులు.

నాలుగు పిస్టన్లు, నాలుగు రాడ్లు
పాత్రో కంసాలి తక్కెడలో తూచాము.
"కొబె సునా హెబ?" అని నవ్వాడతను,
బంగారం ఎప్పుడవుతుందని.
ఎక్కువున్నదాన్ని తక్కువున్నదాని దాకా
ఆకురాయితో గీశాను,
రెండు సాయంత్రాలు, ముక్కులో నల్లపొడి.

బానెట్ మూసుకోలేదు.
రెండు వేళ్ళ సందు.
వెనక కీళ్ళ కింద వాషర్లు పెట్టి లేపాము,
ఆకలిగా నోరు తెరిచినట్టు ఉంది మొహం.

నేను కట్టిందాన్ని ముందు నేనే తోలతాను.
పొట్టంగిలో మంచు, వైపర్లు, ముందు లారీ,
దాని వెనక లైటు ఒకటే వెలుగుతోంది.
మూడో గేరు. కాలు ఊరికే ఆనించాను.
ఏడవలేదు.
కింద ఎక్కడో, లోతులోంచి, సరే అన్నట్టు ఒక మూలుగు.
మలుపు కనబడక దాటలేదు.
పక్కన నాయుడు కూడా దాటమనలేదు,
డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి
జ్వరం చూస్తున్నట్టు కూచున్నాడు.

పైన చోళ్ళ చేను పక్కన ఆపాము.
వెనక సీట్లోంచి తాత దిగి
మంచి చెవి బానెట్ సందుకి ఆనించాడు.
చాలాసేపు.
చోళ్ళ కంకుల మీంచి నీళ్ళు రాలుతున్నాయి.

"మూడోది," అన్నాడు.
"రెండు గ్రాములు ఎక్కువుంది. పదండి, విప్పుదాం."