మోకాళ్ల బోర్డు

పడవ నాదై పదకొండు రోజులు.
పాత యజమాని చేపల వాసన
సీట్ల కింద ఇంకా ఖాళీ చెయ్యలేదు.

ట్వైజెల్‌లో కొట్టు రేవిన్‌ది.
గోడకున్న బోర్డుల్లో సన్నదాని మీద చెయ్యి వేశాను.
"అది ఎగిరేవాళ్లకి. నువ్వింకా మునిగేవాడివి," అంది
లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండానే.

వెడల్పుది దించింది.
బూట్లు వేళ్ల దగ్గర తెరిచినవి:
నా పాదానికీ, బ్రైడీ పాదానికీ,
వచ్చే ఏడు పెరగబోయే బ్రైడీ పాదానికీ.
తాడు సాగకూడదట.
సాగే తాడు అబద్ధంలాంటిది,
వదిలిన రోజున తిరిగొచ్చి మొహాన కొడుతుంది.

లైఫ్ జాకెట్ తొడిగి
భుజాల దగ్గర పట్టి పైకి లాగింది,
పిల్లి తన కూనని ఎత్తినట్టు.
గడ్డం దాటి లేచింది. "వద్దు. ఇంకో సైజు."

డబ్బు కట్టాక అంది:
"ముందు మోకాళ్ల బోర్డు. నిలబడటం తర్వాత చూద్దాం."

బెన్మోర్ సరస్సు. డిసెంబరు ఎండ,
నీళ్లలో మాత్రం నిన్నటి మంచు.
స్టీరింగ్ దగ్గర మా ఆవిడ,
వెనక్కి తిరిగి కూర్చుని బ్రైడీ.
తాడు బిగిసింది.

యాభై రెండేళ్లొచ్చినా
చర్చిలో కూడా వంగని మోకాళ్లు
నీటి మీద వంగాయి.
బ్రైడీ గట్టిగా లెక్కపెడుతోంది,
నాలుగు, ఐదు, ఆరు...

ఏడు సరస్సుది.