చిల్లర సంచి

అహేరి డిపోల ఏటేటా చేసే పరీక్షల
నా నెత్తురు కాగితమై వచ్చింది.
ఎస్‌జీపీటీ: ఎనభై ఏడు.
పక్కన చిన్న అక్షరాలల్ల, ఉండాల్సింది నలభై లోపట.
పదిహేడేండ్లుగ అంకెలు చింపి ఇచ్చే చేతుల్ల
మొదటిసారి ఒక అంకె వణికింది.

కంపౌండర్ గట్టిగనే అడిగిండు:
"తాయీ, ఘేతా కా?"
పట్టిస్తవా అని.
వెనుక లైన్ల డ్రైవర్ మడావి నవ్వు మింగిండు.

మందు బందైన జిల్లా మాది.
సిరొంచ వంతెన దాటిపోయి
కూరగాయల కింద, గోనెసంచి అడుగున,
గలగలమనకుండ గుడ్డ చుట్టి తెచ్చేటోళ్లను
చూస్త, చూడనట్టుంట, టికెట్ కొడ్త.
కార్జం చెడుడంటే ఆ సంచులల్ల ఉంటదనుకున్న.
నా సంచిల చిల్లర తప్ప ఏముంది?

లెక్క పెడ్తే తెలిసింది.
రేపన్‌పల్లిల చాయ్, జిమలగట్టల చాయ్,
బామ్ని కాడ బస్సు ఆగితే మళ్లొకటి,
గ్లాసుకు రెండు చెంచాల చక్కెర,
"మేడమ్‌కు పైసలొద్దు" అనే హోటలాయన మర్యాద.
డ్యూటీ దిగి రాత్రి పదిన్నరకు
బుక్కెడు కాదు, గంపెడన్నం,
తిన్న చెయ్యి ఆరకముందే నిద్ర.
రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరుగుత.
తిరిగింది బస్సు, నేను కాదు.

కొత్తగ వచ్చిన డాక్టరమ్మ, నిండ ముప్పై లేవు,
సోనోగ్రఫీ తెర మీద నా లోపలిని చూపింది.
తెల్లగ మెరిసేదంత కొవ్వట.
చలికాలం పొద్దుగాల టేకు అడవి మీది మంచు లెక్క
అందంగనే ఉంది.
నా తోలు సంచి దిక్కు చూసి అడిగింది,
"ఇందుల ఉండాల్సిన చిల్లర
రోడ్డు మీద దొరికితే ఏమనుకుంటవు?"
సంచికి బొక్క పడ్డదనుకుంట.
"అంతే. కణంల ఉండాల్సింది నెత్తుట్ల తేలింది.
బొక్క ఎంతదో ఈ చీటీ చెప్పదు.
కొందరికి అంకె మంచిగనే ఉండి
లోపల నిండిపోతది."

గా ఆఖరు మాట నన్ను రాత్రంత కూసోబెట్టింది.

నొప్పన్నా పెట్టలేదని దాని మీద కోపమొచ్చింది.
పన్ను చెప్తది, మోకాలు చెప్తది,
కడుపైతే ఊరంత వినేటట్టు చెప్తది.
ఇది మాత్రం సీట్లన్ని నిండినంక గూడ
"జర లోపలికి జరుగుండ్రి, ఇంకొకలు రండ్రి" అనుకుంట
ఎక్కిచ్చుకునుడే, ఎక్కిచ్చుకునుడే.
ఎవరి లెక్కనో నాకు తెలుసు.

దిగేటోళ్లు రోజూ అంటరు, "కాళ్జీ ఘ్యా, తాయీ."
పైలం అని.
మరాఠీల కాళీజ్ అంటే కార్జం, మనసూ అదే.
గుడి దీర్ఘం ఒక సీటు జరిగిందంతే.
ఇన్నేండ్లు వినలే.

ఇప్పుడు జిమలగట్టల ఇరవై నిమిషాలు ఆగితే
ఫారెస్టు గేటు దాక పోయి వస్త.
మడావి హారన్ కొడ్తడు, ఉరుకుత.
చక్కెర లేని చాయ్‌కి హోటలాయన మొకం చిన్నబోయింది,
నాదీ.
మూడు నెలలకు అరవై ఆరు.
ఇంక నలభై కాలే.

నిన్న సిరొంచల ఎక్కిన సాంబయ్య తాత
కాళ్ల నడుమ సంచి పెట్టుకుని కూసున్నడు.
గుంతల పడ్డప్పుడు సంచి ఒక్కసారి గల్లుమంది.
ఈసారి చూడనట్టు ఉండరాలే.
"తాతా, నీ అంకె ఎంత?" అన్న.

"నాకు సగమే గదా బిడ్డా" అని
ధోవతి ముడి విప్పిండు.