ఒక స్టాపు ముందే దిగు

మండిబజార్ల మా ఉస్తాద్ మొగిలయ్యకు
ఫొటో తీసుడంటే ఆర్టీసీ బస్సు ఎక్కుడే.
"మీటరు కండక్టరసొంటిది సదీ,
ఎవలెక్కినా ఒక్కటే టికెట్ కొడ్తది.
యాడ దిగాల్నో నువ్వే సూసుకోవాలె."

నాకు సమజ్ కాలే.
ఒకనాడు లూనా మీద రామప్పకు తోల్కపోయిండు.
నల్లరాయి మదనిక ముంగట నిలబడి ఒత్తిన.
రాయి బూడిదైంది.
మెడల హారం, హారం కింది నీడ
సబ్బు పెట్టి కడిగినట్టు పోయినయి.
"నలుపును జూసి మిషిన్ బెదిరింది.
చీకటైందనుకొని దీపం పెద్దగ జేసింది.
ఒక స్టాపు ముందే దిగు."
దిగిన.
రాయి రాయి లెక్కనే వచ్చింది,
నూనె రాసుకున్న వీపు లెక్క.

పత్తి కాడ అంతా ఉల్టా.
దసరా దాటినంక ఎనుమాములల
తెల్లారంగ బోరాలు ఇప్పుతుంటే
అంత తెలుపుకు మీటరు కండ్లు మూసుకుంటది,
పత్తి మీద మబ్బు పడ్తది.
"గీడ ఒక స్టాపు దాటి దిగు.
రెండు దాటితివా, పోగు పోగే మాయం.
నల్లగ పోయింది ఎంతో కొంత దొరుకుతది,
తెల్లగ పోయింది
నీ తాత దిగొచ్చినా దొరకది."

మిర్చిని మిట్టమధ్యాహ్నం తియ్యద్దన్నడు.
ఎరుపు ముద్దకట్టి గోడ మీద సున్నమైతది.
పొద్దు వాలేదాక చాయ తాగు.
అడ్డం పడ్డ ఎండల
ఒక్కొక్క కాయకు దాని ముడత దానికొస్తది.
మోచేతులు డొక్కలకు ఆనిచ్చి
ఊపిరి సగమిడిసి, ఆపి, ఒత్తాలంట.
మిర్చి యార్డుల ఊపిరి ఆపుడు ఎట్లనో
ఆయన చెప్పలే, నేను తుమ్ముతనే ఉన్న.

హమాలీని తియ్యాల్నంటే కూసోమనేటోడు.
"బరువు బోరాల కనవడది, పిక్కలల్ల కనవడ్తది."
ఎనుకకు జూడుమనేటోడు.
"దేవతకైతే కిరీటం సరే,
మనిషి నెత్తిల కరెంటు పోలెందుకు?
అడుగు పక్కకు జరిగితే నీ సొమ్మేం పోతది?"

కాశిబుగ్గల నా సొంత స్టూడియో పడ్డంక
గివన్ని మర్షిపోయిన.
కంప్యూటరొచ్చింది, అండ్ల తెలుపు గీత ఒకటున్నది.
జరిపితే చాలు, పెండ్లిపిల్లలు మురిసేటోళ్ళు.

కోల్డ్ స్టోరేజీ కాడ తొడిమెలు దీసే ఎర్రం కొమురమ్మ
ఒకనాడు పొద్దుమూకి వచ్చింది.
"పెద్ద ఫొటో కావాలె."
"పించన్ కా అవ్వా?"
"ఊకెనే. నా ఇంట్ల గోడకు
అందరున్నరు, నేనే లేను."

ఫ్లాష్ కొట్టిన. గీత జరిపిన.
ముడతలు తీసేసి, అట్ట కట్టి ఇచ్చిన.
చానా సేపు జూసింది.
"మంచిగున్నది కొడుకా. ఎవలామె?"
నవ్వలే. నిజంగనే అడిగింది.
"గంటీలు నాయే. మొఖమెవల్దో."

నా చెవుల ఉస్తాద్ విజిలేసిండు.

లైట్లన్ని బందువెట్టి
షట్టరు సగం దించి
గడప పక్కన స్టూలేసి కూసోవెట్టిన.
బయటి వెలుగు ఒక చెంపనే తాకింది,
రెండోది దాని నీడల అది ఉన్నది.
మీటరు ఎప్పటి లెక్కనే టికెట్ కొట్టింది.
ఒక స్టాపు ముందే దిగిన.

కారం మంటకు చేతులు వాసి ఉన్నయి,
ఫొటోను అంచుల కాడనే పట్టుకున్నది.
"ఆ, గీమె నాకెరుకే," అని
సంచిల పెట్టుకొని పోయింది.
పైసలు మర్షిపోయింది, నేనూ మర్షిపోయిన.

మొదటి ఫొటో చింపబుద్ధి కాలే.
ఆ తెల్లామె ఎవలో,
ఎన్నటికన్న వచ్చి అడుగుతదేమోనని
షోకేసుల పెట్టిన.
ఏడేండ్లాయె.
ఇంకెవలూ రాలే.