నల్ల వైరు

కాసిమేడు ఐసు ఫ్యాక్టరీ గోడ పక్క,
తెల్లవారుజాము మూడూ ముప్పావు.
కావమ్మ మారుతి
తాళం తిప్పితే ఒక్కసారి టక్ అంటుంది,
అంతే.
పిలిస్తే పలికి, పక్క దిగని మనిషిలా.

వెనక సీటు పీకేసిన చోట
రెండు పెట్టెల వంజరం, ఒక పెట్టె సంకరా.
ఐసు కరిగి బంపరు మీదుగా కారుతోంది.
వేలంలో అరిచి గెలుచుకున్న చేప
ఎండెక్కేలోగా అన్నానగరు చేరకపోతే
సగం ధర.

"బ్యాటరీ కొత్తది" అంది, నేను స్కూటరు దిగకముందే.
"సెల్ఫ్ మోటారు కొత్తది.
మొన్నొచ్చినవాడు తాళం సెట్టు కూడా మార్చాడు.
మార్చడానికి ఇంక నేనే మిగిలాను."

హెడ్‌లైట్లు వెయ్యమన్నాను.
ఎదుటి గోడ మీద దిట్టమైన వెలుగు.
తిప్పమన్నాను. టక్.
వెలుగు చెక్కుచెదరలేదు.
మోటారు తాగితే లైట్లు సన్నగిల్లాలి,
ఇక్కడ తాగేవాడూ లేడు, తగ్గిందీ లేదు.
కుండ నిండుగానే ఉంది,
అడ్డం దారిలో ఎక్కడో.

మీటరు ముళ్ళు బ్యాటరీ మీద ఆనించాను:
పన్నెండూ పాయింటు ఆరు.
మోటారు బోల్టు దగ్గరా దాదాపు అంతే.
కరెంటు వెళ్తోంది.
వెళ్ళి, నిలబడిపోతోంది.

"ఈ నెలలో ఇంకేమైనా తేడా చేసిందా బండి?"
"బండి కాదు, నా కాలే" అంది.
"యాక్సిలరేటరు రాయిలా ఉంటోంది.
మోకాలి నొప్పేమోనని తైలం రాస్తున్నా.
దానికీ దీనికీ ఏం సంబంధం అక్కా అని
మొన్నటివాడు నవ్వాడు."

నేను నవ్వలేదు.
టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
యాక్సిలరేటరు కేబులు మీద వేలు పెట్టాను.
కదలని బండిలో, సముద్రపు చలిలో,
అది వెచ్చగా ఉంది.

మా పనిలో నేల అంటే నేల కాదు,
ఇంజనును బ్యాటరీకి కలిపే అల్లిక పట్టీ.
ఎర్త్ అంటాం.
ఎర్ర వైరులో వెళ్ళే కరెంటును అందరూ చూస్తారు.
నల్ల వైరును ఎవరూ అనుమానించరు,
అది ఏమీ మొయ్యదనుకుంటారు.
తిరుగుదారి మూసుకుపోతే
కరెంటు ఊరుకుంటుందా,
దొరికిన సందులో దూరుతుంది.
నెలరోజులుగా ఒక మోటారు బరువు
ఈమె అరికాలి కింది సన్నతీగ పట్టుకుని
ఇల్లు చేరడానికి పాకులాడింది.
ఆ వేడికి తొడుగు కరిగి తీగను పట్టేసింది.

నల్ల ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద,
ఎర్ర ముల్లు ఇంజను ఇనుము మీద.
సున్నాకు దగ్గరగా రావాలి.
"తిప్పమ్మా."
ఎనిమిది.
ఒకే బానెట్ కింద, జానెడు ఎడంలో,
ఎనిమిది వోల్టుల దూరం.

జంపరు కేబులు ఒక కొస అక్కడ, ఒక కొస ఇక్కడ.
"మళ్ళీ తిప్పు."
ఇంజను ఒక్కసారిగా దగ్గి అందుకుంది.
గోడ మీది పిల్లి చేపల్ని మరిచి దూకింది.

పాత పట్టీ పైకి బాగానే ఉంది.
లాగితే చేతిలోకి వచ్చేసింది.
తొడుగు కింద రాగి లేదు,
ఉప్పుగాలి తినగా మిగిలిన పచ్చటి పొడి.

ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది,
కొత్త పట్టీ బిగించి, వాసెలిన్ పూశాను.
"ఎంత ఇది?"
"ఎనభై."
"ఎనభైకా నన్ను పదకొండు వేలు ముంచారు?"
ఎవరిమీద కోప్పడాలో తెలియక
నా అరచేతిలోని పొడి కేసి చూసింది.

నా కూలి చెప్పడానికి నోరు రాలేదు.
బిగించడం ఆరు నిమిషాల పని.
కనుక్కోవడానికి ఎంత అడగాలి?
ఆమే ఐదొందల నోటు మడిచి స్కూటరు అద్దానికి గుచ్చింది,
రెండు సంకరాలు పేపరులో చుట్టి సీటు మీద పెట్టింది.

"కేబులు మార్చాలి, రేపు తీసుకురా" అన్నాను.
"సరే, మరి తైలం డబ్బులు ఎవడిస్తాడు?"
అని గేరు వేసింది.

తడి రోడ్డు మీద బండి దూరమవుతుంటే చూశాను.
వెనక కుడి లైటు ఎర్రగా ఉంది.
ఎడమది మినుకు మినుకు.
అదీ ఎర్తే అయ్యుంటుంది.
పిలవలేదు.