గోడ మీద పెన్సిల్ గీతలు

కార్డు చెల్లే ఆసుపత్రి మల్కాపురంలో.
పది నిమిషాల ఎర్ర దీపం, "తర్వాతెవరు?"
భుజం మాత్రం
తుప్పు రేకులా కిర్రుమంటూనే.

కార్డు చెల్లనిది సీతమ్మధారలో, మేడ మీద.
నొప్పి ఎక్కడ మొదలైందో
గంటసేపు వేళ్లతో వెతుకుతుంది హైమావతి గారు.
ఏడు వందలు. బస్సు వేరే.

ఏడు వందలంటే
హార్బర్‌లో కిలో వంజరం,
షిప్‌యార్డులో ఒక రోజు వెల్డింగు,
అదీ భుజం ఒప్పుకున్న రోజు.

చెయ్యి అందిన మేరకల్లా
వంటింటి గోడ మీద గీత పెడుతోంది వరాలు,
పక్కనే ఖర్చూ రాస్తోంది.
నాలుగు వారాలు, నాలుగు వేళ్ల ఎత్తు.

నిన్న వాన చినుకు పడితే
తీగ మీది చొక్కా నేనే లాగాను.
వరాలు చూసింది, ఏమీ అనలేదు.

రేపు శుక్రవారం.
ఉప్పు డబ్బా
ఇంకా రెండు వేళ్ల పైన.