ఎడమపురి

నాది ఎడమ చేయి.
తొడ మీద పీచు పేనితే పురి అటువైపు తిరుగుతుంది.
ఈ దీవిలో ఇంకెవరి తాడూ అలా తిరగదు.

గవ్వలకీ తాళ్లకీ వచ్చే షావుకారు
మోకుని వేళ్ల మధ్య దొర్లించి చూసి
"మళ్లీ నీదేనా దోంకంబులో" అని ముఖం చిట్లించేవాడు.
చుట్టకి రెండు సోలల బియ్యం కోసేసేవాడు.
కోసినా, కొనకుండా మాత్రం ఏ ఏడూ వెళ్లలేదు.
ఎన్ని ఓడలు కుట్టిస్తున్నాడయ్యా మీ రాజు అంటే
నవ్వి, ఇంకా కావాలి అన్నాడు.

మడుగు ఒడ్డున గోతిలో కొబ్బరి డొక్కల్ని పాతిపెడతాం.
కుళ్లి మెత్తబడటానికి ఆరు నెలలు.
ఆ కంపు జుట్టులోకీ అన్నంలోకీ వస్తుంది.
తీసి, బాది, కడిగి, ఆరేసి, పేని
ఇరవై ఏళ్లు.

వాళ్లు ఈశాన్యపు గాలితో వచ్చారు.
జెండాల మీద పులి.
మా దీవుల్లో పులి లేదు,
పిల్లలు పిల్లి అనుకున్నారు.

యుద్ధమని చెప్పుకోవడానికేం లేదు.
చేపల ఈటెలతో ఏడుగురు నడుంలోతు నీళ్లలోకి దిగారు.
పొద్దు వాలేసరికి స్తూపం నీడలో
గవ్వల బస్తాలు లెక్కపెడుతున్నారు ఎవరో.
పగడపు దిబ్బ ఒక్కటే మా పక్షాన నిలిచి
ఒక ఓడ పొట్ట చీల్చింది.

దాన్ని ఇసుక మీదికి లాగించి
కుట్టు తెలిసినవాళ్లు రండన్నారు.
తెగిన కొస పట్టి లాగాను.
సొర నూనె జిడ్డు కింద, నల్లబడి,
ఎడమపురి.

ఎడమపురినీ కుడిపురినీ కలిపి పేనితే
పొడిగా ఉన్నంతసేపు నమ్మకంగానే ఉంటాయి.
నాలుగు రోజులు ఉప్పునీళ్లు తాగాయా,
ఒకదాన్నొకటి విప్పేసుకుంటాయి.
చిన్నప్పుడు అలా పేనినందుకే అమ్మ వీపు చిట్లగొట్టింది.
ఆ రాత్రి, దీపం లేకుండా,
అలాంటిదే ఒక చుట్ట పేని చాప కింద పెట్టుకున్నాను.

తెల్లారి, తెడ్లకి మనుషులు చాలరని
కుర్రాళ్లని వరసలో నిలబెట్టారు.
పదకొండోవాడు మా కలో.
ఒంటి మీద నేను పేనిన మొలతాడు తప్ప ఏమీ లేదు.
ఏ ఓడకి అని అడిగాను.
ఇసుక మీద ఒరిగి ఉన్నదాన్నే చూపించారు.

చాప కింది చుట్టని పొయ్యిలో పెట్టాను.
పచ్చి పీచు, చాలాసేపు పొగ వచ్చింది.

కుట్టాను.
కన్నానికి మూడు వరసలు,
పళ్లతో పట్టి, పాదం తన్నిపెట్టి బిగించి.
వాళ్ల రాజు ఎక్కే ఓడకైనా
అంత గట్టి కుట్టు పడి ఉండదు.
నాయకుడు పలకల మీద తట్టి చూసి
ఒక రాగి ఉంగరం ఇచ్చాడు. తీసుకున్నాను.

నిరుడు షావుకారు మళ్లీ వచ్చాడు.
ఎక్కడో రాతి మీద
మా దీవులు పన్నెండు వేలని చెక్కించారట.
మేమెప్పుడూ లెక్కపెట్టలేదు.
కుర్రాళ్ల లెక్క కూడా చెక్కారా అని అడిగాను.

మోకుని వేళ్ల మధ్య దొర్లిస్తూ
విననట్టే,
"కుడిపురిది లేదా ఈసారైనా" అన్నాడు.